ఎనిమిది కన్నాల పెట్టె

"ఆపరా! ఆపు! ఆపమంటుంటే!"

మామగారి కేకకు మా ఆయన చెయ్యి మీట మీద పడింది. అప్పటికే మెషిన్ కీచుమని ఒక అరుపు అరిచేసింది. గిర్రున తిరుగుతున్న రీళ్ళు రెండూ తడబడి నిలబడ్డాయి.

మామగారు వంగి, టేపు ఒరుసుకుంటూ పోయే ఇనప ముక్క మీద దూది పుల్లతో ఒక్కసారి రాసి, దాన్ని మా ముందుకు చాపారు. తెల్లటి దూది కాఫీపొడిలో ముంచి తీసినట్టుంది.

"ఇదేంటి నాన్నా?" అంది వదిన.

"టేపు మీది పూతమ్మా. శబ్దమంతా దీంట్లోనే ఉంటుంది."

"అంటే?"

"రాలిపోతోంది."

వదిన ఆ దూది పుల్లని చేతిలోకి తీసుకుంది. మా ఆయనకు అక్క ఆవిడ. రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది కాబట్టి దూది పుల్లలూ మరకలూ ఆవిడకు కొత్త కాదు. కానీ ఈ మరకను మాత్రం చూడలేక పక్కకు తిప్పుకుంది మొహం. ఈ టేపు జిగురెక్కి చుట్ట చుట్టుకుపోయి ఉంటే, ల్యాబులో గాజు సామాను ఆరబెట్టే ఓవెన్‌లో పెట్టి, పక్కనే కుర్చీ వేసుక్కూర్చుని, సన్నని వేడి మీద ఆరబెట్టుకొచ్చింది తనే.

"ఎంత పోయింది?"

"ఇప్పుడు తిరిగింది మొదట్లో ఉండే ఉత్త కూతేనమ్మా. మెషిన్ సరిచూసుకోవడానికి పెట్టుకుంటాం. అసలు సంగతి దాకా పోలేదు," అన్నారు మామగారు. కాసేపాగి, ఎవరి వైపూ చూడకుండా చెప్పారు. "ఒక్కసారి తిరుగుతుంది. పాట మొత్తం ఒకే ఒక్కసారి. రెండోసారికి ఉత్త ప్లాస్టిక్కే."

ముగ్గురం ఒకేసారి బల్ల మీది పెట్టె వైపు చూశాం. మొన్ననే కొన్న పెట్టె. దాని మూత మీది పల్చటి కవరు కూడా ఇంకా ఒలవలేదు మా ఆయన. ఒలిస్తే కొత్తదనం పోతుందట.

"ఎనిమిది," అంది వదిన.

మా ఆయన పెట్టె వీపుని గోడవైపుకి తిప్పారు.

"నా లెక్క తప్పేమో. ఒరేయ్ తమ్ముడూ, నువ్వు చూడు. దాని వెనక కన్నాలెన్ని?"

"అక్కా..."

"లెక్కపెట్టరా."

"ఎనిమిదే."

"టేపు మీద?"

మా ఆయన నా వైపు చూశారు. ఇలాంటప్పుడు నేను అడ్డుపడి మాట మారుస్తానని ఆయన ఆశ. నేను కిటికీ తెర అంచు కుట్టు ఊడిందేమో పరీక్షిస్తూ ఉండిపోయాను. అక్కాతమ్ముళ్ళ మధ్య దూరి చివాట్లు తిన్న అనుభవం నాకు చాలినంత ఉంది.

"పదహారు," అన్నారాయన చివరికి.

పెళ్ళైన కొత్తలో ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం ఇదే. ఈ పాతకాలపు టేపు మూడు వేళ్ళ వెడల్పుంటుంది. దాని మీద పొడుగునా పదహారు చారలు, దుప్పటి మీద గీతల్లా పక్కపక్కనే. ఒక్కో చారలో ఒక్కో మైకు. వయొలిన్ ఒక దాంట్లో, డప్పు ఒక దాంట్లో, గాయకుడు ఒక దాంట్లో. ఆ శబ్దాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యే అంకెలుగా మార్చి లోపలికి పంపే పెట్టె పేరు కన్వర్టర్. దానికి ఎన్ని కన్నాలుంటే ఒక్కసారికి అన్ని చారలే లోపలికి పోతాయి. మిగతావి గాల్లో కలిసిపోతాయి.

ఆ చారల్లో ఎక్కడో మా అత్తగారి గొంతుంది.

ఆవిడ ఒక స్టూడియోలో కోరస్ పాడేవారు. మామగారు అదే స్టూడియోలో రికార్డిస్టు. వదినకు పూర్తిగా మాటలు రాకముందే, మా ఆయన చంకలో ఉండగానే ఆవిడ పోయారు. ఫొటోలు రెండున్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. పోయిన నెల ఆ పాత స్టూడియో పడగొడుతుంటే, చెత్తలో పారెయ్యబోయిన ఈ ఒక్క టేపూ మామగారికి దక్కింది. నేను ఇదే గదిలో కూర్చుని మాట్లాడి బతుకుతున్నాను. లిఫ్టుల్లో 'తలుపులు మూసుకుంటున్నాయి' అనేది నేనే. నా గొంతు ఎన్ని మేడలెక్కి దిగుతోందో లెక్కే లేదు, ఎవరికీ అక్కర్లేదు కూడా. అక్కరున్న గొంతేమో ఇలా దూది పుల్లకు అంటుకుంటోంది.

"వైర్ల షాపులో రెండు పాత పెట్టెలున్నాయని ఎవరు చెప్పారు నాకు?" వదిన గొంతు ఇంకా పెరగలేదు. పెరగకపోవడమే నాకు భయంగా ఉంది.

"నేనే."

"రెండూ కలిపితే పదహారు. రెండూ కలిపి ఈ కొత్తదాని ధరకే ఇస్తానన్నాడు. అవునా?"

"అవును. కానీ అవి బుస్సుమంటాయక్కా. ఒకదాని మూత సొట్ట. ఇంకోదానికి మూడో కన్నం కదిపితే గానీ పలకదు. అమ్మ గొంతు వెనక ఆ బుస్సు మనం జన్మంతా వినాలా? శుభ్రంగా రావాలని..."

"అమ్మ గొంతు ముందుంటే కదరా, వెనక బుస్సు!"

"రెండుసార్లు తిప్పొచ్చు అనుకున్నాను. ముందో ఎనిమిది, తర్వాతో ఎనిమిది. కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి అతికిస్తే బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు. నాన్న కూడా సరే అన్నారు."

వదిన తల అటు తిరిగింది. "మీరూనా నాన్నా?"

"పెట్టె మంచిదేనమ్మా," అన్నారు మామగారు, నేరం ఒప్పుకుంటున్నట్టు.

అక్షరాలా నిజం. పెట్టె మంచిదే. తండ్రీకొడుకులిద్దరూ వారం పాటు ఫోన్లో దాని బొమ్మ పెద్దది చేసి, చిన్నది చేసి మురిసిపోయారు. చవగ్గా ఉండాలి, కొత్తదై ఉండాలి, చప్పుడు చెయ్యకూడదు, ఈ మూడూ కలిసి దొరకడం పెళ్ళిసంబంధం కుదరడం కంటే కష్టమట. సరిపోవాలి అనే నాలుగోదాని సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. అప్పుడు వదిన ఫోన్ చేసి 'పాతవైనా సరే, పదహారూ ఒకేసారి రావాలిరా' అని మొత్తుకుంది. 'నీకు తెలీదులే అక్కా' అని పెట్టేశారు మా ఆయన. ఆ మాట నేను విన్నాను. ఈ గదిలో అన్నీ బాగా వినిపిస్తాయి, గోడలకు దూది పరుపులు కొట్టించాం కదా.

"షాపుకి ఫోన్ చెయ్యి," అంది వదిన.

మా ఆయన చేశారు. కంగారులో స్పీకర్ నొక్కేశారు.

"పాతవి నిన్ననే పోయాయి బాబూ. బ్యాండు కుర్రాళ్ళు ఎవరో పట్టుకెళ్ళారు," అన్నాడు షాపాయన.

"పోనీ, నేను కొన్నదే ఇంకోటి?"

"తెప్పించాలి. నెల పడుతుంది. ఆ రోజే అడిగాను కదా, రెండు తెప్పించమంటావా అని. నువ్వే ఒక్కటి చాలన్నావు."

ఆ మాటకు వదిన నవ్వింది. నాలుగు తిట్టినా బావుండేది.

"నెలాగితే పోలా?" అన్నాను నేను ఉండబట్టలేక.

"ఆరబెట్టిన టేపు నెలాగదమ్మాయ్. మళ్ళీ జిగురు పడుతుంది. మళ్ళీ వేడి పెడితే ఈ పూత తట్టుకోదు," అన్నారు మామగారు.

"ఊళ్ళోని పెద్ద స్టూడియో వాళ్ళకి పదహారు కన్నాలవి ఉన్నాయి కదండీ. అక్కడికి మోసుకెళ్తే?" అన్నాను.

"ఈ టేపు తిప్పే మెషిన్ నాన్న దాచుకున్న ఈ ముసలిదొక్కటే, ఇంకెవరి దగ్గరా లేదు. దీన్ని కదిపితే మోటారు దక్కదు," అన్నారు మా ఆయన. "వాళ్ళ పెట్టే ఇక్కడికి ఇమ్మని, ఎందుకైనా మంచిదని పొద్దున్నే అడిగాను. చేతిలో పనుందట, వచ్చే వారం చూద్దామన్నారు."

"అయితే వచ్చే వారమే చూద్దాం. కొంపలేం మునిగాయి?"

నా మాట పూర్తి కాకముందే వదిన లేచి నిలబడింది.

"వచ్చే వారం దాకా ఇందులో ఎంత మిగులుతుందో ఎవరు చూశారు? ఒకసారి టేపు ఎక్కించాక ఇంక ఆగడం నా వల్ల కాదు. పక్కింటి పిల్ల వాళ్ళమ్మని అరిచి పిలిస్తే, ఆవిడ పలికే పలుకు కూడా నాకు కుళ్ళుగా ఉంటుంది, తెలుసా మీకు? ఈ వయసులో! సిగ్గు విడిచి చెప్తున్నాను. ఇవాళే పెట్టండి."

ఆ తర్వాత వద్దని అనగలిగిన మనిషి ఆ గదిలో లేరు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా ఇంట్లో ఎవరి పిడికెడు వాళ్ళం తీసుకున్నాం. ఆగుదామని గట్టిగా పట్టుబట్టని నా పిడికెడు కూడా అందులో ఉంది.

"కోరస్ ఏ చారలో ఉంది నాన్నా?" అడిగారు మా ఆయన. టేపు అట్టపెట్టె మీది రాతలు ఎప్పుడో చెదలు తినేశాయి.

"పదకొండు, పన్నెండు." మామగారు రెప్ప వెయ్యకుండా చెప్పారు.

"గట్టిగా గుర్తుందా?"

"నా పని నేను మర్చిపోతానట్రా? టేపుకి అంచులు ముందు అరుగుతాయి. అందుకని కావలసినవి మధ్యలో పెడతాను, అక్కర్లేనివి అంచుల్లో పడేస్తాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అలాగే చేశాను. ఒకటీ పదహారూ చెత్త. మధ్యలో ఎనిమిది తీసుకో, చాలు."

మా ఆయన వైర్లు గుచ్చడం మొదలుపెట్టారు. నాకేమో ప్రాణం ఒప్పలేదు.

"ఏమండీ, ఏడు వైర్లు ఏడింటికిచ్చి, మిగిలిన వాటన్నిటినీ ఆ మిక్సర్లో కలిపేసి ఎనిమిదో కన్నంలో పొయ్యకూడదా? అన్నీ ఏదో ఒక రూపంలో ఉంటాయి కదా."

"అన్నీ ఒకదాంట్లో పోస్తే మళ్ళీ విడదియ్యలేమే," అన్నారు మా ఆయన.

"అంతా ముద్దైపోతుందమ్మాయ్. ఆ పని మట్టుకు చెయ్యకూడదు," అన్నారు మామగారు.

పొద్దుటి నుంచీ తండ్రీకొడుకులు ఒక్క మాట మీద నిలబడింది ఇక్కడే. వాళ్ళ విద్య గురించి నాకేం తెలుసు? లిఫ్టు తలుపులు మూసేదాన్ని. నోరు మూసుకున్నాను.

ఎవరి పని వాళ్ళకు పంచారు మామగారు. మా ఆయన కంప్యూటర్ దగ్గర. మామగారు మెషిన్ దగ్గర, వేళ్ళతో టేపుని అణుచుకుంటూ. నేను మామగారి పక్కన దూది పుల్లల గిన్నె పట్టుకుని. మెషిన్ పక్కన ఒక గుండ్రటి మీట ఉంది, దాన్ని ఏ అంకె మీద పెడితే ఆ చార ఇయర్‌ఫోన్‌లో వినిపిస్తుంది. అది వదినకిచ్చారు.

"ఎక్కడైనా ఆడవాళ్ళ పాట వినపడితే చెప్పమ్మా, ఎందుకైనా మంచిది," అన్నారు.

"ఏ అంకె మీద పెట్టుకోను?"

"ఎక్కడుందో అక్కడే ఉండనీ. తర్వాత తిప్పుదువుగాని."

వదిన ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రెండు చేతులతో చెవులకు అదుముకుంది. కళ్ళు మూసుకుంది. మామగారు మీట నొక్కారు.

రీళ్ళు కదిలాయి. మెషిన్ గురగురమంది కానీ అరవలేదు. పాట ఇంకా మొదలవ్వలేదు. కంప్యూటర్ స్పీకర్లో ఎవరో దగ్గారు, ఏదో కుర్చీ జరిగింది, ఎవరో వాయిద్యం శ్రుతి చేసుకుంటున్నారు. ఎప్పటి మనుషులో, ఎప్పటి దగ్గో.

వదిన పెదాలు కదిలాయి. చిన్నగా నవ్వింది. కళ్ళు తెరవలేదు. పొద్దుటి నుంచీ ఆవిడ మొహంలో అంత నెమ్మది నేను చూడలేదు. హమ్మయ్య అనుకున్నాను.

"నాన్నా!" మా ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "పదకొండులో వయొలిన్ వస్తోంది నాన్నా! పన్నెండులోనూ వయొలినే!"

"కాదు, కాదు. సరిగ్గా విను."

"వింటున్నాను. వయొలిన్ శ్రుతి చేస్తున్నాడు! కోరస్ ఏదీ?"

మామగారి వేళ్ళ కింద నుంచి పొడి రాలి నేల మీద పడుతోంది. నేను దూది పుల్ల అందిస్తే తీసుకోలేదు.

"అక్కా! అక్కా, వెతుకు! ఆడవాళ్ళు ఎక్కడున్నారో చూడు! తిప్పు!"

వదిన ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. మీట తిప్పింది. "ఇక్కడేమీ లేదు," అంది. మళ్ళీ తిప్పింది. "ఇక్కడ డోలకు." ఈలోగా పాట మొదలైపోయింది. వయొలిన్లు ఒక్కసారిగా లేచాయి. వదిన చేతిలో మీట ఒక్కోసారి రెండంకెలు దాటిపోతోంది, వెనక్కి తెస్తోంది. "మగ గొంతు." "ఏవో గజ్జెలు." "ఏమీ లేదురా, ఏమీ లేదు!"

"ఇంకా తిప్పు!"

"నాన్నా, చెప్పండి! ఎక్కడ పెట్టారు? మీరే కదా పెట్టింది!" అంది వదిన.

మామగారు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. నిమిషాలు పోతున్నాయి. ఎడమ చేతి రీలు సన్నబడుతోంది.

"ఇదిగో!" వదిన అరిచింది. "ఇదిగో, ఇక్కడ! నలుగురైదుగురు ఆడవాళ్ళు! ఒకటో నంబర్లో!"

మా ఆయన మెషిన్ వెనక్కి దూకి, వయొలిన్‌ది ఒక వైరు పీకి ఒకటో దాంట్లో గుచ్చారు. కంప్యూటర్ తెర మీద కొత్త గీత ఒకటి ఉలికిపడి లేచింది. స్పీకర్లోంచి ఆడవాళ్ళ పాట. సగం పాట పోయాక, చివరి రెండు చరణాల వెనక, సన్నగా, ఒక వరసలో. వదిన గోడకు ఆనుకుని అలాగే జారి నేల మీద కూర్చుండిపోయింది. ఏడుస్తోంది. మా ఆయన కూడా ఏడుస్తున్నారు, చేతిలో పీకేసిన వైరు అలాగే పట్టుకుని.

టేపు చివరి కొస మెషిన్ దాటి, ఖాళీ రీలు టపటపా కొట్టుకుంది. మామగారు ఆపారు.

"దొరికింది నాన్నా," అన్నారు మా ఆయన. "సగమైనా దొరికింది."

"పెట్టు," అంది వదిన.

కోరస్ ఒక్కటే విడిగా పెట్టారు. ఆ పెట్టె నిజంగా మంచిదే. బుస్సు లేదు, గరగర లేదు. గదిలో ఆడవాళ్ళు వచ్చి నిలబడి పాడుతున్నట్టే ఉంది. మేం ఊపిరి బిగబట్టి విన్నాం. అయిపోయాక ఇంకోసారి పెట్టారు. మూడోసారి పెట్టేటప్పుడు వదిన అడిగింది.

"ఇందులో అమ్మ ఎవరు నాన్నా?"

మామగారు స్పీకరు దగ్గరకు కుర్చీ జరుపుకున్నారు. తల ఒక పక్కకు వంచి విన్నారు. మా ఆయన శబ్దం పెంచారు, తగ్గించారు, ఒక్కో పలుకు దగ్గరా ఆపి ఆపి పెట్టారు.

"నలుగురున్నారమ్మా."

"ఆ నలుగురిలో?"

"నలుగురూ ఒకే మైకు చుట్టూ నిలబడి పాడారు. ఎవరి గొంతూ విడిగా పైకి తేలకూడదు. తేలితే ఆపేసి, మళ్ళీ పాడించేవాణ్ణి." ఆయన స్పీకరు మీద చెయ్యి వేశారు. "మీ అమ్మని కూడా ఒకటి రెండుసార్లు వెనక్కి జరగమన్నాను. నలుగురూ ఒక్కటిగా వస్తేనే అది కోరస్. వచ్చింది. చూడు, ఎంత బాగా వచ్చిందో."

కంప్యూటర్ తెర మీద ఆ గీత పాకుతూనే ఉంది.

"ఒకటో చార అంచు కదా నాన్నా?" మా ఆయన అడిగారు. "అక్కర్లేనివి అంచులో పెడతానన్నారు."

"ఇప్పుడు గుర్తొచ్చిందిరా. ఆ కోరస్‌లో నా భార్య ఉంది. పెళ్ళాం పాడిన చారని తీసుకెళ్ళి మధ్యలో పెట్టుకున్నాడని ఎవరైనా అంటారేమోనని, ఆవిడ ఉన్నప్పుడల్లా కోరస్ అంచుకే నెట్టేవాణ్ణి. వేరేవాళ్ళు పాడితే పదకొండు, పన్నెండు. ఎవరూ ఏమీ అనలేదు కూడా. నేనే అనుకున్నాను, నేనే నెట్టాను."

మామగారిని చూస్తే నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఈ వాతావరణం కాస్త తేలికపడుతుందేమోనని, కావాలని కాదు, దేవుడి తోడు, ఏదో ఒకటి మాట్లాడాలని నోరు తెరిచాను. నోరు మూసుకుని ఉంటే ఎవరికీ ఎప్పటికీ ఏమీ తెలిసేది కాదు.

"అవును వదినా, మొదట్లో కళ్ళు మూసుకుని నవ్వావు. ఏం వినపడిందేంటి?"

"ఎప్పుడు?"

"పాట మొదలవ్వక ముందు. ఆయన కేకెయ్యక ముందు."

"ఓ, అదా." వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏమీ లేదే. పాట కాదు. ఎవరిదో చంటిపిల్ల ఏడుస్తోంది. ఒకావిడ అంటోంది, 'అద్దం అవతలాయనా, పాప లేచింది, ఒక్క క్షణం ఆగండి, జోకొట్టి వస్తాను' అని. రికార్డింగుకి పిల్లని వెంటేసుకొచ్చిందెవరో. పాపం అనుకుని నవ్వాను."

మామగారి చేతిలోంచి కళ్ళజోడు జారింది. నేను వంగి తీశాను. ఆయన అందుకోలేదు.

"ఏమందీ?"

"పాప లేచిందట..."

"అంతకు ముందు. ఎవరినని పిలిచింది?"

"అద్దం అవతలాయనా, అని."

మామగారు బల్ల పట్టుకున్నారు. "స్టూడియోలో నన్ను ఏమండీ అనేది కాదు. అందరి ముందూ బాగోదని. నేను అద్దం గదిలో ఉండేవాణ్ణి కదా, అందుకని అలా పిలిచేది. ఇంకెవరూ పిలవరు. ఇంకెవరికి ధైర్యం?" ఆయన పదం పదం కూడదీసుకుంటున్నారు. "పాటగాళ్ళు నాతో మాట్లాడటానికి ఒక మైకు ఉండేది. దాన్ని పదహారులో పడేసేవాణ్ణి. అది... తల్లీ, ఆ పాపవి నువ్వేనే."

వదిన అర్థం కానట్టే ఆయన మొహంలోకి చూస్తూ ఉంది. తర్వాత నెమ్మదిగా లేచి నిలబడింది.

"టేపు వెనక్కి చుట్టండి," అంది.

"అమ్మా..."

"చుట్టండి నాన్నా. నాకు పాట వద్దు. వయొలిన్లు వద్దు. పదహారు ఒక్కటి గుచ్చండి. ఒక్క ముక్క. ఒరేయ్, గుచ్చరా!"

మా ఆయన వైరు పట్టుకుని మెషిన్ వెనక్కి వెళ్ళారు. మామగారు రీలు మీద నుంచి టేపు కొస మూరెడు లాగి, కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. మధ్యలో గోధుమరంగు పూత ఇంకా అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా ఉంది. రెండు అంచులూ ఉత్త గాజులా ఉన్నాయి. వాటిలోంచి ఎదురింటి గోడ కనిపిస్తోంది.

"అది చివరి కొస కదా. మొదట్లో ఉంటుందేమో," అన్నారు మా ఆయన.

మామగారు చేత్తోనే రీలు వెనక్కి చుట్టారు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. మొదటి కొస వచ్చాక దాన్నీ వెలుతురుకి పట్టుకున్నారు. అక్కడా అంచులు గాజులాగే ఉన్నాయి. వదిన తనే దగ్గరకెళ్ళి చూసింది. తనే మెషిన్‌కి ఎక్కించమంది. ఎక్కించారు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని మీట పదహారు మీద పెట్టుకుంది. మెషిన్ గొంతు నులిమినట్టు అరిచింది. అది పూర్తిగా ఆగిపోయేదాకా వదిన వింటూనే నిలబడింది. తర్వాత ఇయర్‌ఫోన్ తీసి, మడిచి, బల్ల మీద పెట్టింది.

మా ఆయన మెషిన్ వెనక నుంచి బయటికొచ్చారు. ఆయనంత పొడుగు మనిషి చిన్నపిల్లాడిలా అక్క ముందు నేల మీద కూలబడ్డారు. ఆ గొంతు ఒక్కసారి కూడా విన్న గుర్తు లేనివాడాయన.

"నువ్వు విన్నావు కదక్కా," అన్నారు. "నువ్వొక్కదానివే విన్నావు. చెప్పక్కా, ఎలా ఉంది? సన్నగా ఉందా? నీలాగా ఉందా? ఏదీ, ఒక్కసారి అమ్మ అన్నట్టే అను."

మామగారు కూడా కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగారు.

వదిన నోరు తెరిచింది. "అద్దం అవతలాయనా..." అంది. ఆగింది. గొంతు సవరించుకుని, కాస్త పైకెత్తి మళ్ళీ అంది. అది వదిన గొంతే. ఇంకోసారి, తగ్గించి అంది. అదీ వదిన గొంతే. మా ముగ్గురి మొహాలూ ఒకరి తర్వాత ఒకరివి చూసింది.

"నేను పాట కోసం చూస్తున్నానురా. ఇది కాదని తిప్పేశాను," అంది. "మాటలన్నీ గుర్తున్నాయి. గొంతు గుర్తు లేదు."